రాళ్ల కింద పురుగులు

గుట్టల మీది నుంచి పంజాగుట్టకు దిగే వాగులో నీళ్లు ముంచేముందు మా మేనత్త ఒక రాయి తిప్పి చూసేది. కింద పురుగులు కదిలితేనే బిందె నింపేది. నైజాం కాలంలో, ఒక ఎండాకాలం, ఎన్ని రాళ్లు తిప్పినా ఒక్క పురుగూ కనబడలేదు.

"మంచిదేనాయె, నీళ్లు సాఫైనయ్" అంది పొరుగింటామె. ఆ వారంలోనే ఆమె బిడ్డ పెళ్లి.

"పురుగే బతకని నీళ్లు మనిషెట్ల తాగుతడు?" అంటూ అత్త వాగు వెంట గుట్టెక్కింది. పైన ఎవరో కొత్తగా తోళ్లు నానబెడుతున్నారు. ఆ మురుగంతా వాగులోకే పారుతోంది.

దిగివచ్చి చెబితే పెళ్లింటివాళ్లు, "పెండ్లి ఇంట్ల గసుంటి మాటలొద్దక్కా" అన్నారు. పెళ్లినాడు అత్త వాళ్ల నీళ్ల కాగులన్నీ ఒంపేసింది. ఆమెను కొట్టి, మళ్లీ వాగునీళ్లే నింపుకున్నారు.

మర్నాడు ఆ ఇంట్లో వాంతులు మొదలయ్యాయి. అత్త అమీర్‌పేట బావి నుంచి వాళ్లకు నీళ్లు మోసింది. మూడోనాడు అత్త నోట్లో పోసిన ఆ నీళ్లు మింగలేకనే పెళ్లికూతురు కన్నుమూసింది.