లేబులక్క ఆపించిన తవ్వకం

లేబులక్కకి తెల్లవారుజామున కల వచ్చిందనీ, అందుకే తవ్వకం ఆపించిందనీ ఇప్పుడు వీధి వీధీ చెప్పుకుంటోంది. కలా లేదు, కాకరకాయా లేదు. ఆఫీసు జీపు తోలేది నేను. ఆ పూట ఆవిడ గదిలో, గుమ్మం పక్క కుర్చీలోనే ఉన్నాను.

ముందు ఆ పేరు సంగతి. ఆవిడ పదకొండేళ్లు మందుల షాపులో పనిచేసింది. పిల్లల సిరప్పూ పెద్దల సిరప్పూ ఒకే రంగు, ఒకే సీసా, తేడా అంతా లేబులు మీదే. ఎదుటివాళ్లు ఎంత సణిగినా, అది చదవందే సీసా చేతికిచ్చేది కాదు. ఇంట్లో ఉప్పు డబ్బాకి కూడా చీటీ అంటించింది. ఆనక క్లాసులకి పోయి కంప్యూటరు నేర్చుకుని మా మ్యాపుల గదికొచ్చింది. ఆ పేరూ వెనకాలే వచ్చింది.

భూమిలో ఏ పైపు ఎక్కడుందో, ఎంత లోతుందో సర్వేవాళ్లు కొలిచి జేసన్ అనే కంప్యూటరు ఫైళ్లుగా పంపుతారు. ఒక జట్టు అడుగుల్లో రాస్తే ఇంకో జట్టు మీటర్లలో రాస్తుంది. ఏ అంకె దేనికో, ఏ కొలతలో ఉందో ఫైలు నెత్తిమీదే రాసుంటుంది. దాన్ని స్కీమా అంటారట. నాకైతే అది సీసా మీది లేబులే. అక్క రాసిన ప్రోగ్రాము ముందు ఆ లేబులు చదువుతుంది, ఆ తర్వాతే అంకెలన్నీ అడుగుల్లోకి మార్చి మ్యాపు మీద పెడుతుంది.

కొత్త ఇంజినీరుకి అంత ఓపిక లేదు. మెడలో ఎప్పుడూ టై ఉంటుందని మేం ఆయన్ని టైబాబు అంటాం. "ఎప్పుడూ అడుగులేగా" అని నెత్తిమీది వివరం కత్తిరించి పారేసి, వట్టి అంకెలు లాగేశాడు. ఒక్క పూటలో నలభై వీధుల కాగితాలు! పెద్దాఫీసరు మురిసిపోయాడు.

అందులో ఒకటి పట్టుకుని లేబులక్క బావ వచ్చాడు. ఆవిడ తోడబుట్టిన అక్క మొగుడే, తవ్వే మిషను నడుపుతాడు. మురుగు కాలవకి ఆరడుగులు తవ్వాలి. గ్యాసు పైపు పన్నెండడుగుల లోతున ఉందని కాగితం చెబుతోంది. ఈవిడ సంతకం పెడితే మిషను కదులుతుంది.

"మరదలా, తొందరగా గీకెయ్. అవతల మనుషులు ఎండలో మాడిపోతున్నారు."

"ఉండు బావా, లేబులు చూడాలి."

"ఉప్పు డబ్బా కాదే అది! మీ అక్కే నయం, నాలుగు తిట్టినా తొందరగా వదిలేస్తుంది."

అక్కడే ఉన్న టైబాబుకి రోషం పొడుచుకొచ్చింది. "ఏంటండీ, నా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉంది బాబూ. ఈ కాగితం మీదే లేదు. దీనికి తల లేదు."

సర్వేవాళ్లు పంపిన అసలు ఫైలు తెరిచింది. పై వరసల్లోనే ఉంది: లోతు అంకెల్లో ఒకటంటే పది సెంటీమీటర్లు.

"పన్నెండు పదులు నూట ఇరవై. నాలుగడుగులు, బావా. నీ డొక్కల దాకా. నువ్వు తవ్వబోయేది ఆరు."

బావ జేబులోంచి మిషను తాళంచెవి తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"సర్వేవాళ్లే తప్పు రాసుండొచ్చుగా," అన్నాడు టైబాబు.

"అయితే పారతో చూద్దాం పదండి."

జీపులో అందరం వెళ్లాం. ఇద్దరు కూలీలు మెల్లగా చేత్తో తవ్వారు. నాలుగడుగులు నిండకముందే పసుప్పచ్చ గ్యాసు పైపు కనిపించింది. బావ మట్టి కుప్ప మీద కూలబడి, చెమట తుడుచుకుని అన్నాడు: "మీ అక్కకి మాత్రం చెప్పకే తల్లీ. రేపట్నించి నన్ను గడప దాటనివ్వదు."

ఆ కల కథ పుట్టించింది కూడా ఆ మహానుభావుడే. పని ఎందుకు ఆగిందని ఇంట్లో అడిగితే, "మీ చెల్లికి ఏదో కలొచ్చిందట" అనేశాడు.

నలభై కాగితాలూ వెనక్కి రప్పించారు. ఇప్పుడు అక్క ఒక్కో ఫైలూ మళ్లీ చేస్తోంది. టైబాబు పక్కన కూర్చుని నెత్తిమీది వివరాలు పైకి చదువుతున్నాడు. ఆవిడ కాగితం లేనిదే బావ తాళం తిప్పడు. ఐదు రోజులుగా ఆవిడ తిండి డబ్బా మూత తియ్యకుండానే ఇంటికి పోతోంది. తినమంటే, "డబ్బా మీద మధ్యాహ్నం అని రాశాగా, ఇంకా టైముంది" అంటుంది. అప్పటికి నాలుగవుతుంది.

అక్కది కింది అంతస్తులో మెట్ల పక్క గది. మీరు అటు వెళ్లినప్పుడు ఓసారి తలుపు తోసి, తిందో లేదో చూసి రండి.