పదకొండో గుండు

“ఉందా?”

“ఉందండీ. పడుకోండి.”

ఏలూరు ఆసుపత్రిలో మా ఆయనా నేనూ చివరిసారి మాట్లాడుకున్నవి ఈ రెండు ముక్కలే. పక్క మంచం ఆవిడ, ఆయన అడిగింది దాచుకున్న బంగారం గురించి అనుకుంది. నర్సమ్మ మందుబిళ్ళ గురించి అనుకుని, “ఇందాకే వేసుకున్నారు కదండీ” అంది. రెండూ కాదు. ఆయన అడిగింది ఒక సీసపు గుండు గురించి. విసురు వల అంచున బరువు కోసం గుచ్చుతామే, అది. ఖర్జూరం గింజంత ఉంటుంది. పోయే ముందు మొగుడు పెళ్ళాన్ని అడగాల్సిన మాట ఇదేనా దొడ్డమ్మా అని మా చెల్లెలి కూతురు ఇప్పుడు కూడా నవ్వుతోంది. (నవ్వకే. నవ్వుతూ రాస్తే అక్షరాలు వంకరపోతాయి, అసలే నేను చెప్పేది తిన్నగా ఉండదు.) నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. అందుకని నేను చెబుతున్నాను, ఇది రాస్తోంది. ఆ గుండు సంగతి తెలియాలంటే మాత్రం ముందు ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళాలి.

ఆ రోజుల్లో మా కొల్లేటి లంకలో విమానం అంటే ఆకాశం మీద తెల్ల గీత, అంతే. పిల్లలు చూసి అరిచేవాళ్ళు, పెద్దవాళ్ళు తలెత్తేవాళ్ళు కాదు. మాకు దూరం అంటే తాడేపల్లిగూడెం, బాగా దూరం అంటే రాజమండ్రి. అలాంటిది సర్కారు వాళ్ళు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించేశాక మా అందరికీ పనులు పోయాయి. కువైట్‌లో ఇళ్ళల్లో మూడేళ్ళ పనికి ఆడవాళ్ళు కావాలన్నారు. ముప్పై నిండితే గానీ పంపరట. నాకు ముప్పై ఒకటి. జన్మలో మొదటిసారి వయసు మీద పడ్డందుకు సంతోషించాను. వెళ్తానంటే మా ఆయన వద్దనలేదు, సరే అనీ అనలేదు. మూడు రోజులు అరుగు మీద కూర్చుని, చిరగని వలని బాగుచేశారు.

మా అత్తవారింట్లో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మనిషి దూరం వెళ్తుంటే వల అంచు నుంచి ఒక గుండు తీసి మొలకి కట్టి పంపుతారు. మనిషి తిరిగి వచ్చాక ఆ గుండుని మళ్ళీ దాని చోట్లో గుచ్చుతారు. అప్పటిదాకా ఆ వల నీళ్ళలో పడదు. విసిరిన వల ఎంత దూరం పోయినా తాడు చేతిలోనే ఉంటుంది కదా, అలాగన్నమాట. నాలుగో రోజు పొద్దున్నే ఆయన నా చేతిలో దండ లాంటిది పెట్టారు. లెక్కపెడితే పదకొండు గుండ్లు.

“ఇన్నెందుకండీ? మీ నాన్నగారు కాశీ వెళ్ళినప్పుడు కూడా ఒకటేగా కట్టారు?”

“ఆయన రైల్లో వెళ్ళారే. రైలు నేల మీద పోద్ది. నువ్వు గాల్లో పోతన్నావు. గాల్లో పోయే మనిషికి బరువుండాలి.”

నాకూ అది సబబుగానే తోచింది. (ఇప్పటికీ తప్పనిపించదు. రాయి.)

“మరి వల వెయ్యకపోతే కూరకెలాగండీ?”

“కొనుక్కుంటా.”

“వల ఉన్నోడు చేపలు కొనుక్కుంటే జనం నవ్వరూ?”

“నవ్వనీ. నువ్వు పదకొండూ పట్టుకుని రా. ఆ రోజు ఏస్తాను వల.”

అలా నేను మూడేళ్ళ పనినీ, ఆయన వలనీ కలిపి లంగా బొందు కింద కట్టుకుని బయలుదేరాను.

హైదరాబాదు ఎయిర్‌పోర్టుకి వెళ్ళేసరికి ఆగస్టు పదిహేను దగ్గర పడింది. జెండా పండగ ముందు తనిఖీలు రెండింతలు చేస్తారట, టిక్కెట్టు లేని వాళ్ళని గుమ్మం దగ్గరికి కూడా రానివ్వడం లేదు. మా ఆయన్ని ఇనుప కంచె అవతలే ఆపేశారు. చెప్పాల్సినవన్నీ అక్కడ చెప్పుకుందామని దాచుకున్నాం, తుపాకి పట్టుకున్న ఆయన “చలో, చలో” అనేసరికి అన్నీ మర్చిపోయాం. “జాగ్రత్తే” అన్నారు. “కోడిని గూట్లో పెట్టడం మర్చిపోకండి” అన్నాను. మధ్యాహ్నం విమానానికి తెల్లవారుజామునే దిగాం గనుక లోపల బోలెడు సమయం ఉంది. క్యూ అంటే నాకు భయం లేదు, రేషన్ షాపు దగ్గర పెరిగినదాన్ని. కనబడిన మొదటి క్యూలో నిలబడ్డాను. అరగంటకి నా వంతు వచ్చింది. రెండు చేతులతో పాస్‌పోర్టు చాపాను. అవతలి ఆయన దాన్ని చూసి, నన్ను చూసి, “చక్కెర వెయ్యాలామ్మా?” అని అడిగాడు. అది కాఫీ క్యూ. అంతసేపు నిలబడ్డాక ఊరికే రావడం ఎందుకని కాఫీ తాగాను.

నా వెనకాల ఒకావిడ పడిపడి నవ్వుతోంది. “కొత్తా?” అంది. “అవునండీ.” “కనబడతానే ఉందిలే. నాది అత్తిలి. రెండోసారి ఎళ్తన్నా. నా కొంగు వదలమాక, చెల్లీ.” నేను నిజంగానే కొంగు పట్టుకున్నాను. అత్తిలి అక్క నా కాగితాలు నింపింది, ఎక్కడ సంతకం పెట్టాలో వేలు పెట్టి చూపించింది. పెట్టె తూకం వేసే చోట ఒక క్యూ, పాస్‌పోర్టు మీద ముద్ర వేసే చోట ఒక క్యూ. ముద్ర వేసే ఆయన “కువైట్‌లో ఏం పని?” అని తెలుగులోనే అడిగితే, తెలుగు వినబడిన సంతోషంలో మా లంక సంగతులన్నీ మొదలుపెట్టాను. ఆయన రెండు నిమిషాలు మర్యాదగా విని, చేతులెత్తి దణ్ణం పెట్టి, ముద్ర కొట్టి పంపించారు. వెనకాల క్యూ సణిగింది. నాకేం పట్టలేదు.

ఇక మిగిలింది తనిఖీ. అక్కడ ఒక తలుపు లేని గుమ్మం ఉంది. మనిషి దాటితే, ఒంటి మీద లోహం ఉంటే కూస్తుంది. నేను దాటాను. కూసింది. “గాజులు తియ్యి” అంది అక్క. మట్టిగాజులే అన్నా వినకుండా తీయించింది. దాటాను, కూసింది. చెవిదుద్దులు తీశాను. కూసింది. మెట్టెలు తీశాను. అప్పటికి క్యూ అంతా మెడలు చాచి చూస్తోంది. “ఇంకేం మింగావే తల్లీ!” అంది అక్క. నాకు తెలుసు ఏం కూస్తోందో. కానీ అంతమంది మగవాళ్ళ ముందు లంగా బొందు కింద ఉన్న వస్తువు పేరు ఎలా చెప్పను? ఖాకీ బట్టల చెల్లెమ్మ ఒకతి నన్ను తెర వెనక్కి తీసుకెళ్ళింది. నాకన్నా చిన్నది, తెలుగు రాదు. భుజాలు తడిమింది, చంకలు తడిమింది, నడుము దగ్గర చెయ్యి ఆగిపోయింది. వేళ్ళతో ఒక్కొక్కటే తడుముతూ చుట్టూ తిరిగింది. పదకొండూ అయ్యేసరికి ఆ పిల్ల మొహంలో నెత్తురు లేదు. నిజమే మరి. జెండా పండగ ముందు, ఒక ఆడమనిషి నడుము చుట్టూ వరసగా సీసపు తూటాల్లాంటివి కట్టుకుని విమానం ఎక్కబోతోంటే ఎవరికి మాత్రం గుండె ఆగదు?

విజిల్ వేసింది. మరో ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. దండ విప్పి బల్ల మీద పెట్టించారు. క్యూని పది అడుగులు వెనక్కి జరిపారు, నా చుట్టూ పెళ్ళిలో ముగ్గు వేయడానికి వదిలినంత జాగా. ఏవేవో అడుగుతున్నారు. “వలండీ, వల! చేపల వల!” అంటాను. వాళ్ళకి అర్థం కాదు. అత్తిలి అక్కకి వచ్చిన హిందీ అంతా కువైట్ వంటింటిది. “రొట్టె కాలింది”, “పిల్లాడు ఏడుస్తున్నాడు”, అంతవరకే వచ్చు. అటు చూస్తే గోడ మీద గడియారం పరిగెడుతోంది. ఒకామె చెత్తబుట్ట చూపించి, పారేసి పొమ్మన్నట్టు సైగ చేసింది. పారేసి ఉంటే ఆ క్షణమే వదిలేసేవాళ్ళేమో. కానీ ఆ బుట్టలో పడేది మా ఆయన వల. అది ఇంక ఏనాడూ నీళ్ళు చూడదు. పారెయ్యకపోతే విమానం పోతుంది, కువైట్ పోతుంది. ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే పని అవదని మా ఊళ్ళో అందరికీ తెలుసు గనుక, చూపించడం మొదలుపెట్టాను.

విమానంలో చలిగా ఉంటుందని అక్క చెబితే సంచిలో దుప్పటి పెట్టుకున్నాను. అది తీశాను. ఒక కొసని ఎడమ చేతి మణికట్టుకి చుట్టాను. సగం మోచేతి మీద వేసుకున్నాను. ఒక అంచు పళ్ళతో కరిచి పట్టుకున్నాను, వల వేసేవాళ్ళు గుండుని అలాగే కరుస్తారు. నడుము తిప్పి, ఒక్క విసురు విసిరాను. (మా ఆయనే నేర్పారు, పెళ్ళైన కొత్తల్లో, దోనె మీద. రెండుసార్లు నీళ్ళలో పడ్డాను.) గర్వంగా చెబుతున్నాను, దుప్పటి గుండ్రంగా విచ్చుకుంది. విచ్చుకుని, ఈ గొడవేమిటా అని అప్పుడే హడావుడిగా వస్తున్న మీసాల ఆఫీసరు గారి మీద పడింది. నిండుగా, టోపీతో సహా.

తుపాకులు కొంచెం పైకి లేచాయి. అత్తిలి అక్క “ఈవిడెవరో నాకు తెలీదండీ” అనేసింది, స్వచ్ఛమైన తెలుగులో. దుప్పటి కింద ఆఫీసరు గారు కదల్లేదు. తర్వాత మెల్లగా దాన్ని తీసేశారు. బల్ల దగ్గరికి వెళ్ళి ఒక గుండు తీసి, చూసి, తనకే తెలియకుండా పళ్ళ మధ్య పెట్టుకుని కరిచారు. అంతే, నాకు ప్రాణం లేచొచ్చింది. అలా కరిచే మనిషి ఎక్కడో ఒక చోట, ఎప్పుడో ఒకప్పుడు వల వేసినవాడే. నన్ను చూసి చేతిని చేపలా ఆడించారు. నేను తల ఊపాను. ఆయన మీసాల కింద నవ్వారు, బంగాళాఖాతం అంచున ఎక్కడో ఆయన ఊరట.

నవ్వినా నియమం నియమమే. దండ మొత్తం లోపలికి కుదరదన్నారు. ఒక్కటి తీసుకెళ్ళమన్నారు. అక్క ఇప్పుడు మళ్ళీ నన్ను ఎరుగును గనుక, తనకి వచ్చిన వంటింటి హిందీతోనే విని విడమర్చి చెప్పింది: “ఒకటైతే తాయెత్తంట, పదకొండైతే అనుమానమంట.” మిగతా పదీ కవరులో పెట్టి బయట మా ఆయనకి అందజేయిస్తారట, ఆనవాలు చెప్పమన్నారు. తెల్ల చొక్కా, భుజాన తువ్వాలు అన్నాను. బయట అలాంటి వాళ్ళు వందమంది ఉన్నారట. “అయితే, కంచె మీంచి తొంగిచూస్తా ఎవరు ఎక్కువ చీవాట్లు తింటన్నారో ఆయనేనండీ” అన్నాను. దొరికారు. ఖాకీ చెల్లెమ్మే ఆ ఒక్క గుండుని దారంతో నా మొలకి కట్టింది. భయపెట్టినందుకో, భయపడినందుకో, గట్టిగా ముడి వేసింది. మూడేళ్ళు ఊడలేదు. అక్కా నేనూ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తి విమానం ఎక్కాం. మెట్ల దగ్గర ఇంకోసారి తడిమారు, ఈసారి నేనే ముందు చెప్పాను.

బయట ఏం జరిగిందో నెల తర్వాత ఫోనులో విన్నాను. మా ఆయన కవరు విప్పారట. గుండ్లు వచ్చాయి, మనిషి రాలేదు. లెక్కపెట్టారట. పది. మళ్ళీ లెక్కపెట్టారట. పది. “ఒకటి తక్కువుందంటే అది నీతో ఉన్నట్టే కదే. అప్పుడెళ్ళి టీ తాగాను” అన్నారు. ఇంటికెళ్ళి పదీ గుచ్చి, ఒక్క చోటు ఖాళీగా ఉంచి, వలని దూలానికి వేలాడదీశారు. ఒక్క గుండు తక్కువైతే వల మునగదా? మునుగుతుంది. అయినా మూడేళ్ళు చేపలు కొనుక్కున్నారు. ఊరు నవ్వింది. నేను తిరిగి వచ్చిన రోజు అదే కంచె దగ్గర నిలబడి, ఎలా ఉన్నావు అనలేదు, చిక్కావు అనలేదు. “ఉందా?” అన్నారు. “ఉందండీ” అన్నాను. తర్వాత బస్సు ఎక్కేదాకా తిట్టాను, మూడేళ్ళకి కనబడితే మనిషినా గుండునా అడగడం అని. ఇంటికి రాగానే ఆయన గుండుని దాని చోట్లో గుచ్చి, అన్నట్టే వల వేశారు. అప్పట్నుంచి నేను గూడెం సంతకి వెళ్ళొచ్చినా ఆయనది అదే మాట, నాది అదే జవాబు.

ఆయన్ని ఏలూరు తీసుకెళ్ళిన రోజు నేనే వల దింపి, ఆ పదకొండో గుండే తీసి ఆయన మొలకి కట్టాను. స్కానింగు గది దగ్గర ఒకాయన, “లోహం ఏదీ ఉండకూడదమ్మా, తీసెయ్యండి” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆయాసంలో కూడా మా ఆయనకీ వచ్చింది. “ఈయన మీద కూడా దుప్పటి ఎయ్యవే” అన్నారు. విప్పి గుప్పిట్లో పట్టుకున్నాను. సాయంత్రం మంచం మీద కళ్ళు మూసుకునే అడిగారు. చెప్పాను. పడుకున్నారు.

వల దూలానికే ఉంది. మా మరిది ఊరికే ఎందుకు, ఇవ్వు వదినా అని రెండుసార్లు అడిగాడు. మనిషి తిరిగి రాకుండా గుండు ఎలా గుచ్చను? నా కొంగు ముడిలోనే ఉంది. ఒక్కోసారి ముడి తడిమి, నిండుగా దుప్పటి విసిరిన ఆ ముప్పై ఒక్కేళ్ళ దాన్ని తలుచుకుని, ఎంత ధైర్యమే నీకు అని నాలో నేనే నవ్వుకుంటాను. రాయడం అయిందా? అయితే ఇంక కలం పెట్టేసి, మొదట్నుంచి ఒక్కసారి చదివి వినిపించు. మొదటి ముక్క, ఆయన అడిగింది, నువ్వు చదువు. రెండోది నేను చెబుతాను.