బీరువాలోంచి బయటపడ్డ లిల్లీ తీగ

తెనాలిలో నన్ను చూడగానే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయేవాళ్లు ఒక పెళ్లికి సరిపడా ఉంటారు. నేను చెడ్డవాణ్ణేమీ కాను. వాళ్ల ఇళ్లలో పాత కంప్యూటర్లు ఉన్నాయి, అదీ వాళ్ల భయం. "మీ సిస్టం ఈమధ్య నెమ్మదిగా నడుస్తోందా అండీ?" అని నేను అడుగుతానని, పొరపాటున అవునన్నారంటే సాయంత్రానికల్లా పెన్‌డ్రైవుతో వాళ్ల వరండాలో దిగిపోతానని, ఇచ్చిన కాఫీ చల్లారేలోపు ఉన్న సిస్టమంతా పీకేసి దాని బదులు లైనక్స్ ఎక్కించేస్తానని ఊరందరికీ తెలిసిపోయింది. నాది బాపట్లలో గుమాస్తా ఉద్యోగం. రోజూ పొద్దున రైల్లో వెళ్లి సాయంత్రం రైల్లో వస్తాను. పెట్టెలో నా ఎదుటి సీటు ఎప్పుడూ ఖాళీయే. జనం తలుపు దగ్గర గబ్బిలాల్లా వేలాడతారు గానీ అక్కడ మాత్రం కూర్చోరు.

"మీరు కాలుపెట్టిన ఇంట్లో కంప్యూటరు బతుకుద్ది, ప్రింటరు చచ్చుద్ది" అంటుంది మా ఆవిడ. అన్యాయమని అనలేను. మా వీధిలో నా చేతిలో మౌనవ్రతం పట్టిన ప్రింటర్లను పేరిస్తే రైల్వే గేటు దాకా వస్తాయి.

అసలు మా వైపు లైనక్స్ గురించి ప్రచారం చేయడం కన్నా సూర్యలంక సముద్రపు ఒడ్డున కూర్చుని ఉప్పు అమ్ముకోవడం తేలిక. "ఇది ఉచితమండీ" అని నేను గొప్పగా అంటాను. "మాదీ ఉచితమే కదండీ, మా బావమరిది సీడీ తెచ్చి వేశాడు" అంటారు వాళ్లు. సాఫ్ట్‌వేర్ అనేదాన్ని షాపులో అడిగి కొన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. కనిపిస్తే కప్పుదామని ఒక శాలువా ఇస్త్రీ చేయించి ఉంచాను, దానికి చిమ్మటలు పట్టాయి. అన్నీ అప్పనంగా దొరికే చోట, విప్పి చూసుకుని మార్చుకునే స్వేచ్ఛ అంటే ఏంటో చెప్పడం ఎట్లా? ఆ సంగతి నేను చెప్పగా మొట్టమొదట అర్థం చేసుకున్న మనిషి, అర్థమైన మరుక్షణం నన్ను తిట్టిన మనిషి, మా వెనక వీధిలో కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపు నడిపే అక్క.

అక్క షాపంటే ఒక గది, ఆ గదిని నింపేసిన పన్నెండు సూదుల మిషను. అది నడుస్తుంటే డాబాల మీద ఆరబెట్టిన వడియాలు లేచి పక్కింటికి నడిచిపోతాయి. మిషను కొనకముందు అక్క చేత్తో మగ్గం వర్క్ చేసేది. అందులో డిజైన్‌ను ముందు ట్రేసింగ్ పేపరు మీద గీస్తారు. గీత పొడుగునా సూదితో సన్నటి బెజ్జాలు పొడుస్తారు. పేపరును బట్ట మీద పరిచి తెల్లపొడి రుద్దితే బొమ్మ కిందికి దిగుతుంది. జాకెట్టు ఎవరైనా చూడొచ్చు, మెచ్చుకోవచ్చు, అసూయపడొచ్చు. ట్రేసింగ్ మాత్రం ఎవరికీ చూపించరు, అది చేతికి దొరికితే డిజైనే దొరికినట్టు. అక్క తన ట్రేసింగులన్నీ చుట్టి బీరువాలో పెట్టి తాళంచెవి కొంగుకు ముడివేసుకుంది. ఆ బీరువా తెరిచి ఉండగా చూసినవాళ్ల కన్నా సూర్యగ్రహణం చూసినవాళ్లే మా వీధిలో ఎక్కువ.

ఆ బొమ్మల్ని మిషనుకు తెలిసే కుట్లుగా మార్చడానికి కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. చిటికెనవేలంత డాంగిల్ ఒకటి వెనక గుచ్చి ఉంటేనే అది తెరుచుకుంటుంది. మొన్న వానాకాలం చివర్లో కరెంటు హెచ్చుతగ్గులకు ఆ చిటికెనవేలు కాస్తా కాలిపోయింది. అంతే, దుకాణం గుండె ఆగింది. మిషన్లో అంతకుముందు దాచిన డిజైన్లను ఉన్న కొలతతో కుట్టుకోవచ్చు. పెంచాలన్నా తగ్గించాలన్నా, ఒక మొగ్గ చేర్చాలన్నా కుదరదు. మిషను అమ్మినాయన నంబరుకు ఫోన్ చేస్తే రొయ్యల మేత వ్యాపారి ఎవరో ఎత్తాడు. మంచి మర్యాదస్తుడు. అక్క తన కష్టమంతా చెప్పుకుంటే చివరిదాకా ఓపిగ్గా విని, "చెరువు ఎన్ని ఎకరాలమ్మా?" అని అడిగాడట.

సరిగ్గా అప్పుడే రేపల్లె నుంచి ఒక పెళ్లికూతురు వచ్చింది. అక్కడి స్కూల్లో టీచరు. మా ఆవిడ జాకెట్టు ఇవ్వడానికి వెళ్లి నేనూ అక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాను. ఆ అమ్మాయి ఫోన్లో ఫొటో చూపించింది. వాళ్ల చర్చిలో ఎవరో వేసుకున్న జాకెట్టు అది. తెల్లపట్టు మీద తెల్లదారంతో, చేతుల చుట్టూ పాకిన లిల్లీ తీగ.

"నాకిదే కావాలండి."

"నా డిజైనే," అంది అక్క. "కానీ ఆ పిల్ల చెయ్యి అగరొత్తంత ఉంటదమ్మా. నీకా కొలత చాలదు."

"లావుగా ఉన్నానని మొహం మీదే చెప్తున్నారా అక్కా?"

"నిండుగా ఉన్నావంటున్నా. తీగ పెంచాలి, పెంచే కంప్యూటరు పడిపోయింది. రెడీమేడ్ డిజైన్లున్నయ్, నెమళ్లు వేస్తా, చూడముచ్చటగా ఉంటయ్."

"చర్చిలో పెళ్లికి నెమళ్లేంటండి! పాస్టరు గారు ప్రార్థన మధ్యలో ఆపేసి నా భుజం మీదే చూపు పెడతారు." నవ్వింది గానీ బట్ట మాత్రం సంచీలోంచి తీయలేదు. "ఆదివారం మళ్లీ వస్తానండి. కుదరదంటే గుంటూరులో ఇచ్చేస్తాను, ఏమనుకోవద్దు."

ఆమె వెళ్లాక అక్క కత్తెరను ఊరికే తెరుస్తూ మూస్తూ కూర్చుంది. "అందరూ కుట్టే నెమళ్లే నేనూ కుడితే రేపల్లె నుంచి నా దగ్గరికే ఎందుకొస్తారు తమ్ముడూ? ఇన్నేళ్లు గీసిందంతా బీరువాలో ఉంటది, నేను మాత్రం మిషనుకు కూలీనవుతా."

పాత కంప్యూటరు, చచ్చిన సాఫ్ట్‌వేరు, వేరే దారి లేని మనిషి. ముగ్గురూ ఒకే గదిలో! నా వెంట్రుకలు నిక్కబొడుచుకుని టోపీలా లేచాయి.

"అక్కా, లైనక్స్‌లో ఎంబ్రాయిడరీకి ఒకటుంది. డాంగిల్ గీంగిల్ ఉండదు. నానా దేశాలవాళ్లు కలిసి తయారుచేసి అందరికీ ఊరికే ఇచ్చేశారు."

"ఇదీ మిషనుతో పాటు ఊరికేనే అని ఇచ్చారు. చూశావుగా."

"అది వేరు. వాళ్లు నీకు జాకెట్టు ఒక్కటే ఇచ్చారు. వీళ్లు ట్రేసింగ్ కూడా ఇస్తారు."

కత్తెర ఆగింది. "ట్రేసింగా? ఎవరికి?"

"ఎవరికైనా. చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు, ఇంకొకరికి ఇచ్చుకోవచ్చు."

"పిచ్చోళ్లా వాళ్లు? సొంత చెల్లెలు అడిగితేనే ఇవ్వలేదు నేను! ముక్కూమొహం తెలియనోళ్లకి ట్రేసింగ్ ఇచ్చేవాడు రేపు ఇల్లు కూడా రాసిస్తాడు. నువ్వూ ఆ మందలోవాడివేనా?"

అంత స్పష్టంగా మా సిద్ధాంతాన్ని అర్థం చేసుకుని అంత స్పష్టంగా ఛీకొట్టిన మనిషి మరొకరు లేరు. అయినా ఆదివారం తరుముకొస్తోంది కాబట్టి ఒప్పుకుంది.

ఇక్కడ నిజం ఒప్పుకోవాలి. లైనక్స్ తేలిక అని మావాళ్లు చెప్పేది, పల్లకీ మోసేవాడు పెళ్లికొడుకు బరువు లేడని చెప్పడం లాంటిది. ఎక్కించేటప్పుడు పాస్‌వర్డ్ కొట్టమంటే అక్క కొట్టింది. తెరమీద ఒక్క చుక్క కూడా పడలేదు. మళ్లీ కొట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. "కీబోర్డు కూడా చంపేశావా తమ్ముడూ?" "లేదక్కా, అది గుట్టుగా ఉంచుద్ది, కొడుతూ పోవాలంతే." "కనీసం దగ్గొచ్చుగా, వింటున్నానని!" ఆ మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది. లోకంలోని సాఫ్ట్‌వేర్ పండితులందరినీ వరసగా నిలబెట్టి అక్క చేత ఆ ఒక్క ముక్క చెప్పించాలి. మెనూలు తెలుగులో పెట్టి చూపిస్తే ఇంకో తంటా. ఆ తెలుగు చదువుతుంటే అక్క తల మీద కొంగు సర్దుకుంది. "ఇదేదో శాసనంలాగుంది, ఇంగ్లీషే పెట్టు, అర్థమవుద్ది."

అయితే ఒకటి. అందరి దగ్గరా ఉండే ఆ ఇంకో సిస్టం తేలికని జనం అనేది అది తేలిక కాబట్టి కాదు. అది మొరాయిస్తే పక్కింట్లో అడగొచ్చు, ఎదురింట్లో అడగొచ్చు, పాలవాణ్ణి అడిగినా "ఆపి మళ్లీ పెట్టండి" అంటాడు. వీధి వీధంతా కలిసి ఆ కష్టం పడింది. లైనక్స్‌తో కష్టపడేవాడు వీధికి ఒక్కడే. మా వీధిలో అది నేను. ఇంక దాని పరువు ఎలా నిలబడుతుంది?

బీరువా తెరుచుకుంది. నన్ను గోడవైపు తిరిగి నిలబడమని, లిల్లీ ట్రేసింగ్ ఒక్కటీ తీసి మళ్లీ తాళం వేసింది. ఫోనుతో దాన్ని ఫొటో తీసి, తెరమీద అక్క స్వయంగా గీత వెంబడి గీసుకుంటూ పోయింది. కొలతలు వేశాం. పరీక్షకు పాతగుడ్డ మీద ఒక్క పువ్వు కుట్టించాం. మిషను రంకెలు వేసింది, సూది ఒకేచోట పిచ్చిపట్టినట్టు పొడిచింది, దారం తెగింది, సూదీ విరిగింది. గుడ్డ మీద గట్టిగా, గుండ్రంగా, ముడిలా ఏదో మిగిలింది.

అక్క దాన్ని వేలితో తడిమింది. "ఏంటిది? అరచేతిలో సగం ఉండాల్సిన లిల్లీనా? శనగ్గింజ! నీ పిచ్చోళ్లు నీకు సరిగ్గా సరిపోయారు."

జన్మంతా చీమను ఏనుగని చెప్పి బతికినవాణ్ణి. నా చేతి మీదుగా పువ్వు శనగ్గింజ కావడం చూసి మా ఆవిడ ఆ పూట అన్నం కూడా మానేసి నవ్వింది.

మర్నాడు సాయంత్రం బాపట్ల ప్లాట్‌ఫారం మీద కూర్చుని, ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే ఫోరంలో నా గోడు మొత్తం రాశాను. శనగ్గింజ ఫొటో కూడా పెట్టాను. రైలు నిడుబ్రోలు దాటిందో లేదో జవాబు వచ్చేసింది. ఎక్కడో మంచుదేశంలో కుక్కలకు టోపీలు కుట్టుకునే మనిషట. మేము మిల్లీమీటర్లు అనుకుని వేసిన అంకెల్ని సాఫ్ట్‌వేర్ తెరమీది చుక్కలని అనుకుంది, చుక్క మిల్లీమీటరులో నాలుగోవంతే ఉంటుంది, ఫలానా చోట ఫలానా మాట మార్చండి, అని బొమ్మలతో సహా చెప్పాడు. తన మొదటి టోపీ కూడా ఎలక్కి సరిపోయేంతే వచ్చిందట. నేను పట్టలేక కేక పెట్టాను. తలుపు దగ్గర వేలాడే గబ్బిలాలన్నీ ఒక్కసారి లోపలికి తిరిగాయి. ఒకాయన ఏకంగా వచ్చి నా ఎదుటి సీట్లో కూర్చున్నాడు, ఏదో శుభవార్త అనుకుని. తెనాలి వచ్చేదాకా వదల్లేదు, నేను.

"ఊరికే ఎందుకు చెప్పాడు?" అంది అక్క, కొలత మారుస్తూనే. "ఏం కావాలంట?"

"ఏమీ అడగలేదక్కా."

"అడుగుతాడు చూడు."

ఈసారి పువ్వు పువ్వంత వచ్చింది. పట్టు మాత్రం కుట్టు చుట్టూ ముడుచుకుంది. దానికి ఫోరం అక్కర్లేకపోయింది. అక్క కింద దళసరి కాగితం వేసి, దారం బిగువు కాస్త వదిలి, మళ్లీ కుట్టింది. ఆదివారం ఆ టీచరమ్మ వచ్చేసరికి నమూనా గుడ్డ మీద లిల్లీ తీగ నిండుగా పాకి ఉంది. ఆమె దాన్ని తన చేతి చుట్టూ చుట్టుకుని అద్దం ముందు నిలబడింది. కాసేపు అటూ ఇటూ తిరిగింది. సంచీలోంచి తెల్లపట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"నెమలి కావాలంటే ఇప్పుడైనా చెప్పు," అంది అక్క.

"మీరు మళ్లీ నెమలి అంటే పెళ్లికి పిలవనండి."

టోపీల మనిషి అడగనే అడిగాడు, అక్క చెప్పినట్టే. పెళ్లయ్యాక. పువ్వు బాగా వచ్చిందా, చూడొచ్చా, అని. నేను జాకెట్టు ఫొటో పంపాను. అబ్బురపడిపోయి, ఆ రేకులు ఎలా గీశారు, ఆ ఫైలు దొరుకుతుందా, అని రాశాడు. ఫైలంటే ఇక్కడ ట్రేసింగే. నేనది అక్కకు చదివి వినిపించి గోడవైపు తిరిగి నిలబడ్డాను, అలవాటు కొద్దీ.

"చూశావా? నేను చెప్పలా!"

చాలా రోజులు అక్క ఆ ఊసు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. నోరు మూసుకుని ఉండటం నా జీవితంలో అదే ప్రథమం, మా ఆవిడ డాక్టరుకు చూపిద్దామంది కూడా. ఒక పొద్దున రైలుకు వెళుతుంటే అక్క షాపు మెట్లమీంచి పిలిచింది. "వాడు చెప్పకపోతే ఆ రోజు నెమలే కుట్టేదాన్ని. ఒక్క పువ్వు పంపు. తీగ కాదు, పువ్వొక్కటే. ఇది నాదని, తెనాలిదని రాయి."

పంపాను. ఆ పువ్వుకు జరిగిన సన్మానాలు నేను చెబితే మీరు నమ్మరు, అందుకని మొన్నటి సంగతి ఒక్కటే చెబుతాను. మొన్న ఫొటో వచ్చింది. మోకాలెత్తు మంచులో దూడంత కుక్క నిలబడి ఉంది, నెత్తిన నీలం టోపీ, టోపీ ముందు మా వీధి లిల్లీ. అక్క మిషను ఆపి, కళ్లజోడు పెట్టుకుని, ఆ పువ్వును తెరంత పెద్దది చేసి చూసింది. చూస్తూనే ఉంది. ఇంక అయిపోయింది, నాకూ ఆ మంచుదేశానికీ కలిపి మూడిందనుకున్నాను.

"రేక చివర కుట్టు ఎదురు తిరిగింది," అంది చివరికి. "కింద కాగితం వేసుకోలేదు వాడు. బిగువు కూడా ఎక్కువైంది. ఇట్లా కుడితే నా పువ్వు పరువేం కాను? రాయి తమ్ముడూ, నేను చెప్తా."

లేచి వెళ్లి బీరువా తెరిచింది, అసలు ట్రేసింగ్ చూసుకుంటూ చెప్పడానికి. నన్ను గోడవైపు తిరగమనడం మర్చిపోయింది. నేను గుర్తు చేయలేదు. కీబోర్డు దగ్గరికి లాక్కుని ఎలా మొదలుపెట్టమంటావని అడిగాను.

"ముందు మర్యాదగా కుక్క బాగుందని రాయి. తర్వాత కుట్టు సంగతి."