కుర్చీలో నా బదులు కూర్చున్నవాడు

దర్శిలో ఒక ఆదివారం పొద్దున, ఆరాధన మధ్యలో, నా తల రాలిపోయిందన్న కబురు చర్చిలోకి వచ్చింది. ఆ కబురు విన్నవాళ్లలో నేనూ ఉన్నాను. మూడో వరసలో, తలతో సహా. ఇప్పుడే నవ్వకండి. జరిగింది వింటే ఎలాగూ నవ్వుతారు.

ఎనభైల నాటి మాట. హైస్కూల్లో లెక్కల మాస్టారి ఉద్యోగం వచ్చి కొత్తగా దర్శి చేరాను. పెళ్లి కాలేదు, వంట రాదు, ఒకచోట కుదురుగా కూర్చోవడం అసలే రాదు. పాఠం చెబుతూ తరగతిలో ఎంతగా తిరిగేవాణ్ణంటే, నన్ను చూసి చూసి మెడలు పట్టేశాయని పిల్లలు ఇళ్లల్లో చెప్పుకునేవారట. అలాంటి నాకు తోడు ఒక కుక్క. చీమకుర్తిలో బస్సు మారుతుంటే రాళ్ల లారీల మధ్యనుంచి వచ్చి నా చెప్పు పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. ఇంతేసి చెవులు, అంత తోక. పేరును బట్టయినా ధైర్యం వస్తుందని మేజర్ అని పెట్టాను.

రాలేదు. నేను ఇంట్లో ఉంటే మేజర్ మంచం కింద హాయిగా గురకపెట్టేది. నేను తాళంకప్ప చేతిలోకి తీసుకుంటే లేచేది. చెప్పులు వేసుకుంటే వణికేది. తలుపు మూశానా, ఇక ఊళ. ఆ ఊళ విని, లోపల ఎవరో పోయారనుకుని, దారిన పోయేవాళ్లు పరామర్శకు ఆగేవారు.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు సువార్తమ్మ గారు. మిషన్ బడిలో టీచరు చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లల్లేరు. ముందు భాగంలో ఆవిడ, వెనక గదిలో మేము. ఆవిడకి నడవడానికి చేతికర్ర కావాలి గానీ మాట్లాడటానికి ఏ సాయమూ అక్కర్లేదు. ఒక సోమవారం నేను బడినుంచి వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"మాస్టారూ, మీ కుక్క పొద్దుట్నుంచీ ఏడుస్తానే ఉంది."

"కొత్త చోటు కదండీ, అలవాటు పడుతుంది."

"రెండు నెల్లయింది. నాకే అలవాటు కాలా, దానికేం అవుద్ది? ఈ ఆదివారం మోకాళ్ల నొప్పితో నేను గుడికి రాను. ఇంట్లోనే బైబిల్ చదువుకుంటా. మీరు వెళ్లొచ్చేలోపు అది ఒక్కసారి నోరెత్తిందా, సోమవారానికి ఆ కుక్క ఇక్కడ ఉండగూడదు."

"దాన్ని ఎక్కడికి పంపనండీ?"

"ఎక్కణ్ణుంచి తెచ్చారో అక్కడికే."

ఎక్కణ్ణుంచి తెచ్చానో అక్కడ లారీ చక్రాలు తప్ప దానికెవరూ లేరు. ఇంకో ఇల్లు చూసుకుందామంటే, కుక్క ఉన్న బ్రహ్మచారికి అప్పటికే నాలుగు ఇళ్లవాళ్లు తలుపేశారు. పైగా ఆ ఊళ్లో నా కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే. దాన్ని ఎలా వదులుకోను?

మర్నాడు పశువుల ఆసుపత్రికి పరుగెత్తాను. కాంపౌండరు కాశిం గారు ఒక గేదె నోట్లో మందు పోస్తూనే నా గోడు విన్నారు.

"బయటికి పోయేటప్పుడు ఏం చేస్తారు మాస్టారూ?"

"దగ్గరికి తీసుకుని, ఏడవకు నాన్నా, తొందరగా వచ్చేస్తానని చెబుతానండి."

"వచ్చాక?"

"ఎత్తుకుని ఇల్లంతా తిప్పుతానండి."

కాశిం గారు గేదెని వదిలి నా వంక జాలిగా చూశారు. "మీరు దుబాయి పోయేవాళ్లలాగా సాగనంపించుకుంటే అదీ అట్టాగే అనుకుంటది. ఏమీ చెప్పమాకండి. తలుపేసి, పది అంకెలు లెక్కపెట్టి, లోపలికి రండి. వచ్చాక కూడా వెంటనే పలకరించమాకండి. పదికి కుదుటపడితే ఇరవై. తరవాత యాభై. అట్టా నిదానంగా పెంచుకుంటా పోవాలి. మీరు విడిచిన చొక్కా ఒకటి దాని పక్కన వేయండి. మీ వాసన ఉంటే ధైర్యంగా ఉంటది."

"ఎన్నాళ్లు పడుతుందండీ?"

"నెల. నెలన్నర."

"ఆదివారానికి కావాలండి."

ఆయన మళ్లీ గేదె వైపు తిరిగిపోయారు. దానికి చెబితే అర్థమవుతుందనుకున్నారేమో.

ఆ సాయంత్రమే మొదలుపెట్టాను. తలుపు వేశాను. పది లెక్కపెట్టమన్నారా, నాలుగుకే నా ప్రాణం కొట్టుకులాడి తలుపు తీసేశాను. మళ్లీ వేశాను. ఈసారి ఏడు దాకా ఆగి కిటికీలోంచి తొంగిచూశాను. లోపల ఊరికే కూర్చున్న మేజర్ నన్ను చూసి అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది.

"ఏంది మాస్టారూ, మీ ఇంట్లోకి మీరే దొంగచూపులు చూస్తన్నారు?" అన్నారు సువార్తమ్మ గారు వసారాలోంచి.

"ఏం లేదండీ, గాలి ఆడుతోందా లేదా అని."

వెళ్లడం, రావడం, వెళ్లడం, రావడం. గడప అరిగిపోయేటట్టు తిరగ్గా తిరగ్గా, శుక్రవారానికి నలభై అంకెల దాకా వచ్చాం. ఆరాధన రెండు గంటలు. లెక్కల మాస్టారిని కాబట్టి లెక్క వేశాను. ఆ చొప్పున కాశిం గారి నెలన్నర కూడా చాలదు. అక్కడితో నా ఓపిక అయిపోయింది.

శనివారం మిరపచేల గట్టున పచార్లు చేస్తుంటే, చేలో ఎవరో రైతు కనిపిస్తే "బాగున్నారా?" అని పలకరించాను. ఆయన పలకలేదు. దగ్గరికెళ్తే దిష్టిబొమ్మ. పాత చొక్కా, కుండ తల. సిగ్గుపడి ఇటూ అటూ చూశాను, ఎవరూ లేరు. అప్పుడు తట్టింది నాకా మహా ఆలోచన. ఉత్త చొక్కాకే కుక్క కుదుటపడేటట్టయితే, చొక్కాలో మనిషి కూడా ఉంటే?

తెలిసిన రైతు ఇంటికి వెళ్లి అరబస్తా పనికిరాని పత్తి అడిగాను.

"దేనికి మాస్టారూ?"

"దిండుకండీ."

"ఏనుక్కా?" అన్నాడాయన, ఇస్తూనే.

మర్నాడు పొద్దున్నే, రెండు రోజులు తొడిగి విడిచిన చొక్కాలో, ప్యాంటులో ఆ పత్తి కూరాను. తాడుతో బిగించి, కిటికీకి వీపు పెట్టి, చేతుల కుర్చీలో కూర్చోబెట్టాను. కాళ్ల చివర నా పాత బూట్లు. మెడ మీద బోర్లించిన కుండ, దానికి నేను తలస్నానం చేసినప్పుడు చుట్టుకునే తువ్వాలు. ఒళ్లో లెక్కల పుస్తకం కూడా పెట్టాను. నిజం చెప్పాలంటే నాకన్నా పద్ధతిగా కూర్చున్నాడు.

మేజర్ వాసన చూసింది. మూడుసార్లు చుట్టూ తిరిగింది. బూటు మీద గడ్డం ఆనించి కళ్లు మూసింది. నేను కాశిం గారు చెప్పినట్టే ఒక్క మాట మాట్లాడకుండా తలుపు వేసి, బయట రెండువందలు లెక్కపెట్టాను. చప్పుడు లేదు. నాలుగిళ్ల అవతల ఉన్న చర్చికి గర్వంగా నడిచాను.

గర్వం చర్చి గుమ్మం దాకానే. లోపల కూర్చున్నాక ఎక్కడ ఏ కుక్క మొరిగినా మేజరే అనిపించింది. కాలు కదిపాను, చెయ్యి కదిపాను, బెంచీ మొత్తం కదిపాను. "చీమలేమన్నా ఉన్నాయా?" అన్నాడు పక్కాయన.

ఈలోగా ఇంటి దగ్గర జరిగింది సువార్తమ్మ గారే తరవాత చెప్పారు. చప్పుడు లేకపోవడం ఆవిడకి ఏడుపు కన్నా వింతగా ఉండి, కర్ర పట్టుకుని వెనక కిటికీ దగ్గరికి వచ్చారు. కళ్లజోడు బైబిల్ మీదే ఉండిపోయింది. చూస్తే నేను కుర్చీలో ఉన్నాను.

"ఏం మాస్టారూ, గుడికి పోలా?"

జవాబు లేదు.

"ఒంట్లో బాగాలేదా?"

జవాబు లేదు.

"కుక్కని పంపించమన్నానని నా మీద కోపమా? పలకరిస్తే పలకని పిల్లల్ని బెంచీ ఎక్కించినదాన్ని నేను."

అయినా జవాబు లేదు. ఆవిడ ఊచల్లోంచి కర్ర పోనిచ్చి నా భుజమ్మీద ఒక్క పోటు పొడిచారు. తల ఊగింది. ఇటు వాలింది. ఊడి నేల మీద పడి పగిలింది.

మోకాళ్ల నొప్పితో గుడికి రాలేనన్న మనిషి, కర్ర కూడా లేకుండా, మా చర్చిలోకి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యగారూ, మాస్టారి తల రాలిపోయిందండీ. నేనే పొడిచా. నా చేత్తో నేనే పొడిచా."

పాస్టరు గారి ప్రసంగం ఆగిపోయింది. సంఘం మొత్తం నా వైపు తిరిగింది. నేను నాకు తెలియకుండానే తల తడుముకుని లేచాను.

"అమ్మగారూ, నేనిక్కడే ఉన్నానండి."

ఆవిడ వచ్చి రెండు చేతులతో నా తల పట్టుకుని, అటొకసారి ఇటొకసారి తిప్పి చూశారు. గట్టిగానే ఉందని తేలాక బెంచీ మీద కూలబడ్డారు.

"మరి ఇంట్లో కూర్చుంది ఎవరయ్యా?"

"నేనేనండి. అంటే, నా బొమ్మ."

"విగ్రహాలు కూడదన్న సంఘంలో ఉండి ఇంట్లో బొమ్మ పెట్టుకున్నావా?" అన్నాడో పెద్దాయన వెనకనుంచి. ఆ ఆదివారం ఆశీర్వాద ప్రార్థన చాలా చిన్నదిగా ముగిసింది. సంఘమంతా నా వెంట బయల్దేరింది.

తలుపు తీశాను. కుండ పెంకుల మధ్య, తలలేని నా కాళ్ల దగ్గర, మేజర్ నిద్రపోతోంది. ఒక కన్ను తెరిచి ఇంతమందినీ చూసి మళ్లీ మూసుకుంది. నేను వంగి బొమ్మ చొక్కా పట్టుకోబోతే గుర్రుమంది. నన్ను చూసి అది గుర్రుమనడం అదే మొదలు.

"చూశారా అమ్మగారూ," అన్నాను, పరువు పోయినా కుక్క దక్కుతుందేమోనన్న ఆశతో. "ఒక్కసారి కూడా నోరెత్తలేదు."

"అవును. నోరెత్తింది నేనే," అన్నారావిడ. అంతా ఘొల్లున నవ్వారు. ఆవిడ నవ్వలేదు. కుర్చీ వంకే చూస్తూ, నాకు మాత్రమే వినపడేటట్టు, "మా ఆయన కూడా ఇట్టాగే కుర్చీలో కూర్చుని, పిలిస్తే పలకలా మాస్టారూ," అన్నారు.

నాకు నిజంగా సిగ్గేసింది. వంగి నేలమీద పెంకులు ఏరడం మొదలుపెట్టాను. ఆవిడే అన్నారు: "కుక్క ఉంటది లెండి. నేర్పేదేదో నిదానంగా నేర్పండి. అప్పటిదాకా మీరు బడికి పోతే నా వసారాలో పడుంటది."

కాశిం గారు చెప్పినట్టు సరిగ్గా నెలన్నర పట్టింది. ఆ తరవాత నేను తాళంకప్ప తీసుకుంటే మేజర్ అటు తిరిగి పడుకునేది. వీధి చివరదాకా వెళ్లి, ఊళ వినపడదేమని బెంగపడి వెనక్కి తిరిగి చూసేది నేనే. మా హెడ్మాస్టరు గారు మాత్రం, నేను సెలవుచీటీ ఇచ్చినప్పుడల్లా, "మీ బదులు ఆ కుర్చీలో ఆయన్ని పంపండి, తరగతి ప్రశాంతంగా ఉంటుంది," అనేవారు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా, నా తల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నా బదులు ఎవరినీ, దేన్నీ, ఎన్నడూ కుర్చీలో కూర్చోబెట్టను. కూర్చున్నప్పుడు ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే పలుకుతాను.

ఈ రెండో మాట తప్పే వీలు నాకు అప్పట్లోనూ లేదు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, నేను ఆ కుర్చీలో కూర్చుంటే చాలు, కిటికీ దగ్గర కర్ర చప్పుడయ్యేది.

"మాస్టారూ?"

"ఉన్నానండి."

"తల?"

"ఉందండి."