వాక్యం సీసా

సోమవారం పొద్దున పాస్టరయ్య ఫోన్ చేసి, "సారు పోయినారమ్మా, నిద్రలోనే" అన్నారు. వెంటనే, "గోడ అట్లే ఉండిపాయ" అని కూడా అన్నారు. ఆ రెండో మాట తగలవలసింది నాకే. ఎందుకో చెప్పాలంటే ఆ గోడ గురించీ, అంతకంటే ముందు ఒక సీసా గురించీ చెప్పాలి. చెప్పడం సరైనదో కాదో తెలియదు. సారు మంచితనం చెప్పడానికి ఊరంతా ఉంది. ఈ సంగతి చెప్పవలసింది మాత్రం నేనొక్కదాన్నే.

ఆయన నందికొట్కూరులో మా హైస్కూలు డ్రాయింగు సారు. డ్రాయింగు పీరియడంటే లెక్కల సారు లాక్కునే పీరియడు. మిగిలిన ఆ కాసిని గంటల్లో మాకు పూలూ కొండలూ కాకుండా అక్షరాలు నేర్పారు. నీలిమందు రాసిన దారాన్ని గోడ మీద ఇద్దరం చెరో కొసా పట్టుకుంటే, మధ్యలో వేలితో మీటి గీత కొట్టేవారు. ఆ గీత మీద అక్షరం రాయించి, మమ్మల్ని మైదానం చివరికి తీసుకుపోయి, తన కళ్లద్దాలు తీసేసి చూసేవారు. మసకలో కూడా అది అదే అక్షరంగా కనబడితే పాసు. "చదువొచ్చినోడు ఎట్ల రాసినా చదువుతాడు. రానోడు గూడా గుర్తు పట్టాల, అదీ రాత" అనేవారు. తలకట్టు దగ్గర మరీ పట్టుదల. తలకట్టు సరిగా లేని అక్షరం, తలగుడ్డ మరిచి పంచాయితీకి పోయిన పెద్దమనిషి లాంటిదని ఒకసారి నా నోటుపుస్తకాన్ని క్లాసంతటికీ ఎత్తి చూపించారు. ఆయన తలకట్టు కొడవలి మొనలా పైకి లేచి, చివర కొంచెం వంగేది. అది ఇంకెవరికీ రాలేదు. నాకు సగం వచ్చింది.

సారు సొంత ఊరు టౌనుకు దగ్గరే. ఆ ఊరి చర్చి ముందు గోడకు ఏటా సున్నం కొట్టి, మూరెడేసి నల్లటి అక్షరాలతో బైబిలు వాక్యం రాసేవారు. కూలికి పోయే ఆడవాళ్లలో చదువు వచ్చినవాళ్లు తక్కువ. అయినా గోడ ముందు ఆగి, ఏ మాట ఎక్కడుందో వేలు పెట్టి చెప్పేవాళ్లు. వాళ్లకు ఆ తలకట్లే వాక్యం.

నేను యూనివర్సిటీలో బొమ్మల చదువు చదివి, కర్నూలులో ఇంటి నుంచే ఒక బెంగళూరు ఆఫీసుకు పనిచేస్తున్నాను. మద్యం సీసాలకు రూపం ఇవ్వడం మా పని. లేబులు, మూత, అట్టపెట్టె, అన్నీ. కొన్నేళ్ల కిందట ఒక చవక బ్రాందీ నా వంతుకొచ్చింది. కంపెనీవాళ్లు కోరింది ఒక్కటే. షాపు కమ్మీల ఇవతల తోపులాటలో నిలబడ్డ మనిషి, చదువు లేకపోయినా, సీసాను ఇట్టే పట్టుకోవాలి. ఆ మాట వినగానే నాకు సారు గుర్తొచ్చారు. కంప్యూటర్లో ఉన్న తెలుగు అక్షరాలన్నీ చదువు వచ్చినవాళ్ల కోసం చేసినవే.

ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని, మూడక్షరాల ఆ పేరు కాగితం మీద రాసిచ్చాను. దేనికని అడిగితే సీసా మీదికన్నాను.

"నన్నారి షర్బత్తా?" అన్నారు.

నేను నవ్వాను. ఆ నవ్వుకు అర్థమేమిటని ఇన్నేళ్లుగా నన్ను నేనే అడుగుతున్నాను. అవునని అనలేదు, కాదనీ అనలేదు. చెబుదామని నోరు తెరిచినట్టు ఒక్కోసారి జ్ఞాపకం వస్తుంది. అది తరువాత నేను కల్పించుకున్నదేమో. అప్పటికే ఆయన బ్రష్షు తడిపి, మొనను ఎడమచేతి గోరు మీద సరిచేసుకుంటున్నారు. మూడో అక్షరం అయ్యాక కాగితాన్ని గోడకు ఆనించి, వీధి చివరికి నడిచి, కళ్లద్దాలు తీసి చూసి వచ్చారు. "పిల్లోళ్లు దూరం నుంచే పట్టుకుంటారులే పాపా" అన్నారు.

సీసా బాగా అమ్ముడుపోయింది. ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. నేనూ సంతోషపడ్డాను, అబద్ధమెందుకు.

సారు ఊళ్లో దానికి వేరే పేరు పడింది. చదువు రానివాళ్లు లేబులు మీద తలకట్లు చూశారు, చర్చి గోడ రాతను గుర్తుపట్టారు. మన గోడ మీది రాతే గదా, మంచి సరుకే అయ్యుంటుందని మొదట ఎవరో నిజంగానే నమ్మారట. తరువాత అది ఎగతాళిలోకి దిగింది. షాపు దగ్గర "ఒక వాక్యం ఇయ్యప్పా" అంటే ఆ సీసా చేతికొచ్చేది. ఈ పొద్దు వాక్యం అయిందా మామా అని దారిలో పలకరించుకునేవాళ్లు.

పక్క కొట్లో సున్నం కొనుక్కుంటూ సారు ఆ మాట విన్నారు. తలతిప్పి సీసానూ చూశారు. నాకు కబురు పంపారు.

తిట్లకు సిద్ధపడే పోయాను. ఆయన తిట్టలేదు. బకెట్లో ఖాళీ సీసా ఒకటి నానుతోంది. "రెండు దినాలాయ, ఊడి రాలేదు. జిగురు మంచిదే వేసినారు" అన్నారు. ఐసునీళ్లలో కూడా ఊడకూడదని ఆ జిగురును ఏరింది నేనే. తరువాత లేబులు అడుగున ఉన్న వరస మీద వేలు పెట్టి, చీమలు పాకినట్టు ఇదేందని అడిగారు. తాగితే ఆరోగ్యానికి చేటని రాసిందని చెప్పాను. రూలు ప్రకారం ఆ సైజు చాలని కూడా చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు.

"దీన్ని గూడా నాతోనే రాయించింటే, అదన్నా జనం చూసుందురు గదా పాపా."

ఆయన సీసాను మళ్లీ నీళ్లలో వదిలి, "నా అక్షరాలు ఎనిక్కి తీసుకునేకి అవుతాదా?" అన్నారు. ఆయన నన్ను అడిగింది జీవితం మొత్తం మీద ఆ ఒక్కటే.

ఆఫీసుకు రాశాను. కంపెనీవాళ్ల మీటింగులో అడిగాను. నా తప్పు కూడా చెప్పాను. పేరు ఆ రాతతోనే రిజిస్టరైంది, జనం గుర్తుపట్టేదే దాన్ని, మార్చడం కుదరదన్నారు, ఎంతో మర్యాదగా. నా మాట తీసేయలేక కాబోలు, అంచున ఉన్న బంగారు గీతను కొంచెం సన్నం చేశారు. ఉద్యోగం మానేస్తానని ఉత్తరం రాసుకున్నాను, పంపలేదు. నేను మానేసినా అక్షరాలు సీసా మీదే ఉంటాయి కదా అనుకున్నాను. అది కారణమో సాకో ఇప్పటికీ తేలలేదు.

సారుకు సంగతి చెబితే, "సరేలే, సీసా మారకపోతే గోడ మారాల" అన్నారు. వాక్యం మీద సున్నం కొట్టేసి, పాఠ్యపుస్తకాల్లో ఉండే తిన్నటి అక్షరాలతో మళ్లీ మొదలుపెట్టారు. డెబ్బై దాటిన చెయ్యి. మొదటి అక్షరం అణిగిమణిగి వచ్చేది, మూడోదానికల్లా తలకట్టు తనంతట తానే పైకి లేచేది. దూరం పోయి, కళ్లద్దాలు తీసి చూసేవారు. వచ్చి మళ్లీ సున్నం కొట్టేవారు. మూడుసార్లూ దారం కొస పట్టుకుని పక్కన నేనున్నాను. మూడోసారి ఎడమచేత్తో రాశారు. కొంచెం వణుకుతూ అదే తలకట్టు.

సారు నవ్వారు. "ఇది నా మాట గూడా ఇనదు పాపా" అన్నారు.

ఆ పూటే క్షమించమని అడగాలనుకున్నాను. అమ్మ, అంటే సారు భార్య, టీ గ్లాసులు తెచ్చింది. నీడలో కూర్చుని తాగాం. నాకు అన్నం పెట్టింది మీ అక్షరమే సార్ అని మాత్రం అనగలిగాను. ఆయన తల ఊపి, గ్లాసు కింద పెట్టి, ఆ మూడోదాని మీద కూడా సున్నం కొట్టడానికి లేచారు. మళ్లీ కలవలేదు.

సారును మట్టి చేసి వచ్చాక, గోడ ఖాళీగా ఉండకూడదని, సారు శిష్యురాలివి నువ్వే రాయమని సంఘం పెద్దలు అడిగారు. బ్రష్షు పట్టుకుంటే ఆ తలకట్టే వస్తుందని భయం. రాదేమోననీ భయమే. కర్నూలు పోయి, కంప్యూటర్ అక్షరాలతో ఫ్లెక్సీ వేయించుకొచ్చి గోడకు కట్టించాను.

ఆదివారం ఒక ముసలవ్వ దాని ముందు ఆగింది. పైకీ కిందికీ చూసింది. ఫోటో కోసం వెతికింది.

"ఇది ఏ లీడరుదమ్మా?" అని నన్ను అడిగింది.

ఆమెకు చెప్పవలసింది ఒక్క మాట, వాక్యమని. ఆ ఊళ్లో ఆ మాట ఇప్పుడు నా నోట రాలేదు. అవ్వ ఇంకాసేపు చూసి, ఫ్లెక్సీ అంచు ఎత్తి, వెనక ఉన్న తెల్లటి గోడను అరచేత్తో అటూ ఇటూ తడిమింది. చేతికి అంటిన సున్నాన్ని కొంగుకు తుడుచుకోకుండా, ఆ చెయ్యి అట్లాగే ఎత్తి పట్టుకుని, మెల్లగా చర్చి మెట్లెక్కింది.