తడి ఆరని వాచీ చైను

మా దీవిలో, మిన్నీ బే దగ్గర చేపలు పట్టే మా మావయ్య నోట ఎక్కువగా విన్న మాట "రుకో," అంటే ఆగమని. ఎవరో ఓడ కెప్టెను ఖరీదైన విదేశీ వాచీ ఒకటి బహుమతిగా ఇచ్చిన దగ్గర్నుంచీ మొదలైందది.

రోజూ వేట నుంచి రాగానే వాచీకున్న స్టీలు చైను ఊడదీసి, గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టి, సందుల్లో ఇరుక్కున్న చేపపొలుసుల్ని మెత్తటి బ్రష్షుతో తోమేవాడు. ఆ బ్రష్షు పొరపాటున ఎవరి నోట్లోనూ పడకుండా దేవుడి పటం వెనక దాచేవాడు. వాచీకి మాత్రం చుక్క నీరు తగలనివ్వకుండా పొడిగుడ్డతో తుడిచేవాడు.

తన బావమరిది పెళ్లికి విశాఖ ఓడ ఎక్కాల్సిన రోజు కూడా తోమాడు. అత్త పెట్టెలు వీధిలో పెట్టి పిలిచింది.

"ఏటయ్యా, జల్దీ రా. రెండింటికల్లా ఓడ కదిలిపోతాది. ఇది పోతే మళ్లీ పదిహేను రోజులకే."

"రుకో. తడి చైను కడితే తుప్పట్టేస్తాది."

వానాకాలం గాలికి అదెంతకీ ఆరలేదు. మావయ్య విసనకర్ర అందుకున్నాడు.

మేం జెట్టీ చేరేసరికి ఓడ దూరంగా పోతోంది. అత్త పెట్టె మీద కూలబడింది. మావయ్య తళతళలాడే మణికట్టు ఎత్తి చూసుకుని, తృప్తిగా తలూపాడు.

"రెండూ పది. సరిగ్గా టైముకే ఓడ తీసేసినారు."