కొల్లిపర దాకా మోసుకెళ్ళిన తాళంచెవి

మే నెల మిట్టమధ్యాహ్నం రేపల్లె స్టేషన్లో దిగాను. తెనాలి నుంచి వచ్చే పాసింజరు ఆ రోజు గంట ఆలస్యం. సామాను: నల్ల ట్రంకుపెట్టె, హోల్డాలు, నీళ్ళ సీసా, బైబిలు. ట్రంకు మీద తెల్ల రంగుతో రాసిన నా నంబరూ, హవల్దారు అన్న మాటా ఇంకా చెరగలేదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి, పెన్షన్ పుచ్చుకుని వచ్చి, బాపట్లలో బైబిలు చదువు ముగించాను. అక్కడి మిషన్ ఆఫీసులో పెద్ద అయ్యగారు ఇచ్చిన ఆర్డరు చాలా చిన్నది. రేపల్లె దాటాక సముద్రం వైపు ఒక పల్లె ఉంది, అక్కడి సంఘాన్ని పాస్టరుగా చూసుకో, మూడేళ్ళు. మా ఆవిడ పిల్లల చదువుల కోసం తెనాలిలోనే ఉండిపోయింది.

స్టేషన్ బయట సంఘపెద్ద సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా ట్రంకు వైపు చూశాడు, తన సైకిలు వైపు చూశాడు.

"ఇదేంటండి అయ్యగారూ, తుపాకులేమన్నా తెచ్చారా?"

"పుస్తకాలు."

"అమ్మో! అయితే రిక్షా మాట్లాడాల్సిందే."

నేల అంతా చదును. కంటికి అడ్డం వచ్చేది ఒక్కటీ లేదు. చవుడు భూమి. బోరు నీళ్ళు ఉప్పు, గాలి ఉప్పు, ఆరేసిన చొక్కా కూడా ఉప్పు వాసనే. గుడికి రేకుల కప్పు. పగలు పన్నెండు దాటితే లోపల నిలబడలేం. గంటకు బదులు రైలుపట్టా ముక్క ఒకటి వేలాడదీశారు. తలుపుకి పాతకాలపు ఇత్తడి తాళం. దాని చెవి సంఘపెద్ద నా చేతిలో పెట్టి, "ఇంక మీదేనండి బాధ్యత" అన్నాడు.

ఆదివారం ఆరాధన తొమ్మిదికి అని చెప్పాను. తొమ్మిదికి పట్టా మీద కొట్టాను. లోపల నేను, డోలక్ వాయించే అతను. ఇంకెవరూ లేరు. సైన్యంలో తొమ్మిదంటే తొమ్మిదే. మొదలుపెట్టేశాను. ఇద్దరమే పాట పాడాం, ఇద్దరమే ఆమెన్ అన్నాం. పది దాటాక జనం ఒక్కొక్కరే రాసాగారు. అందరికంటే ముందు వచ్చింది బైబిలు స్త్రీ. మా సంఘాల్లో ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే ఆడమనిషిని అలా అంటారు. యాభై దాటిన మనిషి, నాట్లకూ కోతలకూ కూలికి పోతుంది. తడి జుట్టుతో వచ్చి ముందు వరసలో కూర్చుంది. ప్రసంగం మొదలవగానే స్తంభానికి ఆనుకుని నిద్రపోయింది. సంఘానికి ఆదర్శంగా ఉండాల్సిన మనిషి!

ఆరాధన అయ్యాక నిలదీశాను. "తొమ్మిదంటే ఎప్పుడమ్మా?"

"తొమ్మిదంటే తొమ్మిదేనండి. కానీ వండుకోవాలి, పిల్లలకి తలంటాలి, మా ఆయన్ని లేపాలి. ఆయన లేవడండి."

ప్రతి ఆదివారం ఇదే తంతు. నేను గొంతు చించుకుని చెప్పడం, ఆవిడ హాయిగా కునుకు తీయడం. గోడకి చెప్పినా కనీసం ప్రతిధ్వని వస్తుంది కదా అనుకునేవాణ్ణి.

ఆ ఏడు కాలవకి నీళ్ళు వదల్లేదు. రేపు మాపు అంటూనే జూన్ పోయింది, జులై పోయింది. నారుమళ్ళు నెర్రెలిచ్చాయి. నాట్లు లేవు, కూలి లేదు. కుర్రకారు హైదరాబాదు లారీలెక్కి మేస్త్రీ పనులకు పోయారు. డోలక్ అతను కూడా పోయాడు, డోలక్ గుడిలోనే వదిలేసి. క్రిస్మస్‌కి నక్షత్రం కట్టడానికి నిచ్చెన పట్టుకునేవాడు లేకపోయాడు. సంక్రాంతి దాటగానే మిగిలిన వాళ్ళు కొల్లిపర లంకల్లో పసుపు తవ్వకాలకు వెళ్ళిపోయారు. సంఘపెద్ద, బైబిలు స్త్రీ కూడా వాళ్ళతోనే. పల్లెలో మిగిలింది నడవలేని ముసలివాళ్ళూ నేనూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో కాదు, దేవుడి మీదే. సైన్యంలో పై అధికారిని ప్రశ్నిస్తే శిక్ష ఉంటుంది. ఇక్కడ ఆ భయమూ లేదు. ఖాళీ గుడిలో నిలబడి గట్టిగానే అడిగాను: "ఎవరికి చెప్పమని పంపావయ్యా నన్ను? ఈ ఖాళీ చాపలకా?" రేకులు ఎండకి టకటకమన్నాయి, అంతే.

బాపట్ల వెళ్ళి పెద్ద అయ్యగారి ముందు నిలబడ్డాను.

"బదిలీ కావాలండి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నీ చోటికి ఎవరూ రారు నాయనా. నువ్వు వచ్చేస్తానంటే బలవంతం లేదు. గుడి మూసేద్దాం. తాళం సంఘపెద్దకి అప్పగించి వచ్చెయ్."

మూసేద్దాం అన్న మాట గుచ్చుకుంది. అయినా హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, ఆ రాత్రి కడుపునిండా తిన్నాను కూడా. ట్రంకు సర్దేశాను.

సంఘపెద్ద కొల్లిపరలో ఉన్నాడు కాబట్టి అక్కడికే బయల్దేరాను. పొద్దున పాసింజరులో తెనాలి, అక్కణ్ణుంచి బస్సు. దిగాక కృష్ణ వైపు అరటితోటల మధ్య మట్టిబాట. చొక్కా జేబులో తాళంచెవి. నడుస్తుంటే గుండెకి తగులుతోంది. పసుపు ఉడుకుతున్న వాసన ముందుగా వచ్చింది, తర్వాత పొగ కనిపించింది.

మధ్యాహ్నం అన్నాల వేళ. కళ్ళంలో కొమ్ములు ఆరబోశారు. టార్పాలిన్ నీడలో మా వాళ్ళూ, వేరే ఊళ్ళ కూలీలూ కలిసి కూర్చున్నారు. బైబిలు స్త్రీ ముద్ద చేతిలో పట్టుకుని ఏదో చెబుతోంది. నేను వెనక, పొగ పక్కన ఆగాను. ఎవరూ చూడలేదు.

"మంచంటే సోడాకొట్లో ఐసుముక్క కాదు. నడుం లోతు. అందులో మా అయ్యగారు తుపాకీ పట్టుకుని నిలబడ్డారు. బదులు రావాల్సినాయన రాలా. దారి మూసుకుపోయింది."

"మరి దిగొచ్చెయ్యొచ్చుగా పిన్నీ?" అంది పక్క ఊరి మనిషి.

"ఎట్టా దిగుతారే? బదులు మనిషి రాకుండా దిగితే కాపలా ఎవరు కాస్తారు, మీ తాతా? ఇంతలో పులొచ్చింది."

ఆ మంచుకొండల మీద పులుల్లేవు. నేను పులి పేరే ఎత్తలేదు.

"పులి చూసింది. అయ్యగారు చూశారు. చివరికి పులే ఎల్లిపోయింది. మజ్జిగ కూడా అయిపోయిందంట పాపం. అయినా కదల్లా."

అది నా ప్రసంగంలోని కథ. ఆవిడ నిద్రపోతోందని పళ్ళు నూరుకున్న రోజు నేను చెప్పిందే. కానీ ఆ మంచులో నిలబడింది నేను కాదు, మా సెంట్రీ. నేను కింద గుడారంలో వైర్‌లెస్ సెట్ దగ్గర ఉన్నాను. పైనుంచి అతని గొంతు వచ్చింది: "పోస్టు వదిలి దిగిరావచ్చా?" కమాండర్ తల అడ్డంగా ఊపాడు. నేను చెప్పాను: "రిలీఫ్ వచ్చేదాకా ఆగు." "ఆగుతున్నా" అన్నాడు. నా పక్కన స్టవ్ మీద టీ కాగుతోంది.

"ఇప్పుడెక్కడున్నాడు మీ అయ్యగారు?" అంది పక్క ఊరి మనిషి.

"ఇంకెక్కడ? మా గుడి కాడే. ఊళ్ళో పురుగు లేదు, ఆయనొక్కడే కాస్తన్నారు. ఆ ధైర్యంతోనే మేం ఇక్కడ ఇంత ముద్ద తింటన్నాం. లేపోతే గుడి ఏమైపోద్దోనని నాకు నిద్ర పట్టుద్దా?"

చచ్చాన్రా బాబూ అనుకున్నాను. సిగ్గుకంటే ముందు కోపమే వచ్చింది. ఈవిడ నన్ను అడిగి చెప్పిందా ఇదంతా? ఎవడో చేసిన కాపలా తీసుకొచ్చి నా నెత్తిన పెట్టి, పైన ఒక పులిని కూడా నిలబెట్టింది! తిరిగి వెళ్ళిపోదామని అడుగు వెనక్కి వేశాను. అప్పుడే ఆవిడ తలెత్తింది.

ఎప్పుడొచ్చారనలేదు, బాగున్నారా అనలేదు. ముద్ద కంచంలో పడేసి లేచింది.

"అయ్యగారూ! మీరిక్కడుంటే గుడి కాడ ఎవరున్నారండీ?"

అందులో వెటకారం ఏమీ లేదు, నిజమైన కంగారే. అందరూ ఇటు తిరిగారు. సంఘపెద్ద నోట్లో అన్నంతోనే లేచాడు. నా చెయ్యి జేబు దాకా వెళ్ళింది. తాళంచెవి వేళ్ళకి తగిలింది. తీసి ఇవ్వడానికి అంతకంటే సులువైన సమయం దొరకదు.

"మిమ్మల్ని ఒకసారి చూసిపోదామని వచ్చానమ్మా" అన్నాను.

"తాళం?" అన్నాడు సంఘపెద్ద.

"నా దగ్గరే ఉంది."

"చూశారుగా, ఇంక బయల్దేరండి" అంది ఆవిడ. "సాయంత్రం బండి అందుకోవాలి."

"అన్నమన్నా తిననియ్యవేంటమ్మా ఆయన్ని?" అన్నాడు సంఘపెద్ద.

"కట్టిస్తా. రైల్లో తింటారు."

అరిటాకులో కట్టి ఇచ్చింది. రోడ్డు దాకా వెనకే వచ్చింది, నేనెక్కడ ఆగిపోతానో అన్నట్టు. దారి పొడుగునా తిట్టుకుంటూనే నడిచాను. ఆవిణ్ణి, పులిని, పెద్ద అయ్యగారిని, నన్ను. సాయంత్రం బండికి రేపల్లెలో దిగి, పల్లె చేరి, తలుపు తీసి దీపం పెట్టాను. ట్రంకులోంచి బట్టలు మళ్ళీ బయటికి తీశాను. మర్నాడు ఆదివారం ముసలివాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. వాళ్ళకే చెప్పాను. కోపం తగ్గలేదు. కోపంతోనే చెప్పాను.

తర్వాతి ఏడు కాలవకి నీళ్ళొచ్చాయి, జనం తిరిగొచ్చారు. తొమ్మిదికి మాత్రం ఏనాడూ రాలేదు. మూడేళ్ళన్నది చాలా దూరం సాగింది. చివరికి ఒక కొత్త అయ్యగారు సూట్‌కేసుతో దిగాడు. అతని చేతిలో తాళంచెవి పెట్టి తెనాలి వచ్చేశాను.

ఇప్పుడు కుర్రవాళ్ళ కూటాలకి పిలుస్తుంటారు. కష్టకాలంలో సేవ వదిలెయ్యకుండా మీకు ప్రోత్సాహం ఎక్కడ దొరికింది సార్ అని అడుగుతారు. వాళ్ళకి ఒక దర్శనమో, మంచి వాక్యమో కావాలి. నేను ఏదో ఒక వాక్యం చూపించి కూర్చుంటాను. నా కళ్ళ ముందు మాత్రం కొల్లిపర రోడ్డే ఉంటుంది. బస్సు కదిలాక వెనక అద్దంలోంచి చూశాను. ఆవిడ రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. మోచేతుల దాకా పసుపు. రెండు చేతులూ ఊపుతోంది. పెరట్లోకి దూరిన కోడిని తోలినట్టు, పో, పో అని నన్ను తోలుతోంది.